పౌనా చాయ్

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్‌కు కాస్త అవతల ఒక ఇరానీ హోటలుంది. పేరు చెప్పను. చెబితే ఈసారి వెళ్ళినప్పుడు చాయ్ డబ్బులు పుచ్చుకోరు. పుచ్చుకోకపోతే మా అమ్మ ఇక ఆ గడప తొక్కదు. ఆవిడ ఆ గడప తొక్కడానికే యాభై ఏళ్ళు పట్టింది మరి!

మా నాన్న బడిపంతులు. సాయంత్రం బడి వదలగానే నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకొని ఆ హోటలుకు వెళ్ళేవారు. బయట అరుగు మీద నన్ను దింపి, చేతిలో ఒక ఉస్మానియా బిస్కెట్టు పెట్టి, తాను మాత్రం లోపలికి వెళ్ళేవారు. ఆడపిల్లలు లోపలికి రాకూడదని ఎక్కడా రాసి లేదు. రాయవలసిన అవసరమూ లేదు. లోపల ఓ మూల చెక్కలు అడ్డుకట్టి, ఆకుపచ్చ పరదా వేసి, పైన 'ఫ్యామిలీ రూమ్' అని బోర్డు తగిలించారు. ఆ పరదా వెనక ఒక్క ఫ్యామిలీ అయినా కూర్చోగా నేను చూడలేదు. ఉల్లిగడ్డల బస్తాలు మాత్రం సకుటుంబంగా ఉండేవి.

ఆ బిస్కెట్టు సంగతి వేరే చెప్పాలి. తియ్యగా ఉందనుకునే లోపల ఉప్పు తగులుతుంది. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు పెట్టుకుంది అది. మా ఊరేమో ఆయన తండ్రి మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టుకుంది. తండ్రి పేరు ఊరికీ, కొడుకు పేరు బిస్కెట్టుకూ! ఊరిని మేమింకా పాలమూరనే అంటాం. బిస్కెట్టుకు మాత్రం మారుపేరు పెట్టలేదు.

"ఏముంటదట ఆ చాయ్‌ల?" అని అమ్మ పదేపదే అడిగితే నాన్న ఒకసారి ఫ్లాస్కులో తెచ్చారు. ఇల్లు చేరేసరికి మీగడ తేలి, రంగు చెడి, జ్వరం కషాయంలా తయారైంది. అమ్మ ఒక్క గుక్క తాగి, "ఇంకోసారి తేవద్దు" అంది. ఇరానీ చాయ్ ఫ్లాస్కుకు లొంగే వస్తువు కాదు. డికాక్షన్ ఒక గిన్నెలో మూతపెట్టి మగ్గాలి. పాలు ఇంకో గిన్నెలో చిక్కబడేదాకా మరగాలి. రెండూ కలిసేది కప్పులోనే. ముప్పాతిక కప్పు చిక్కగా పోస్తే అది పౌనా. నాన్నది ఎప్పుడూ పౌనాయే.

నాన్న పోయి రెండేళ్ళయింది. మొన్న నవంబరులో పెన్షన్ పని మీద అమ్మను తీసుకెళ్ళాను. తాను బతికే ఉన్నానని ఏటా ఒక కాగితం ఇవ్వాలి కదా! బతికే ఉన్నట్టు తేలాక, "చాయ్ తాగుదామా అమ్మా?" అన్నాను.

గుమ్మంలోనే ఆగిపోయింది. కొంగు భుజం చుట్టూ లాక్కొని, పరదా కోసం వెతికింది. పరదా లేదు. ఆ చోట ఫ్రిజ్జు ఉంది. దాని పక్క బల్ల దగ్గర నలుగురు కాలేజీ ఆడపిల్లలు సమోసాలు ముందు పెట్టుకొని పకపకా నవ్వుతున్నారు. అమ్మ వాళ్ళను కాసేపు అలాగే చూసింది.

"మీ నాయిన ఏడ కూసుంటుండె?"

నాకు తెలియదు. ఎలా తెలుస్తుంది? నేనెప్పుడూ అరుగు మీదేగా!

ముసలి సర్వరు విని, "పంతులు సారా? ఆ కిటికి కాడ" అని చూపించాడు. అమ్మ తిన్నగా అక్కడికే వెళ్ళి కూర్చుంది. నేను పక్కన చేరి కిటికీలోంచి చూశాను. అరుగు సరిగ్గా కనిపిస్తోంది.

గల్లా దగ్గరి పెద్దాయన లేచి వచ్చి పలకరించాడు. వాళ్ళ తాత ఇరాన్‌లోని యజ్ద్ నుంచి బొంబాయి మీదుగా వచ్చాడట. "అంత ఎడారేనమ్మా ఆడ. వానలుండవు" అన్నాడు, మా పాలమూరు తెలుగులోనే.

"వానల కోసం పాలమూరుకొచ్చిండా మీ తాత!" అంది అమ్మ. ఆయనతో పాటు కాలేజీ పిల్లలూ నవ్వారు.

తమాషా ఏమిటంటే, ఇరాన్‌లో ఈ ఇరానీ చాయ్ తాగరు. అక్కడ పాలు పోయరు. నల్లటి చాయ్‌ని చక్కెర గడ్డ పంటి కింద పెట్టుకొని తాగుతారు. అక్కడి తేయాకు తోటలు కూడా 1900 ప్రాంతంలో కాషెఫ్ అల్‌సల్తనే అనే దౌత్యాధికారి మన కాంగ్రా నుంచి మొక్కలు తీసుకెళ్ళి, లాహిజాన్‌లో నాటించగా మొదలైనవే. మొక్క ఇక్కణ్ణుంచి వెళ్ళింది, హోటలు అక్కణ్ణుంచి వచ్చింది, పాలు మనం పోశాం.

అమెరికాలో ఉన్న మా చెల్లెలు ఇలాంటిదే ఇంకొకటి చెప్పింది. కాలిఫోర్నియాలో డోనట్లని అమ్ముతారు. మన చిల్లుగారెకు పంచదార పూత పూస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. ఆ దుకాణాలు చాలావరకు కంబోడియా వాళ్ళవి. 1975లో తమ దేశం అంటుకుపోతే పారిపోయి వచ్చినవాళ్ళు, తమ ఊళ్ళో ఎన్నడూ ఎరగని పిండివంట పరాయి ఊళ్ళో నేర్చుకొని, అమ్ముకొని, పిల్లల్ని చదివించుకున్నారు. ఊరు విడిచినవాడికి ముందుగా దొరికేది పొయ్యేనేమో! కరువుకు ఊరు విడిచిన మా పాలమూరు వాళ్ళకు ఆ పొయ్యీ దొరకలేదు. పార పట్టుకొని ఎవరి ఆనకట్టలో కట్టారు.

చాయ్ వచ్చింది. అమ్మ సాసరులో పోసుకొని ఒక గుక్క తాగింది.

"గింతేనా?"

"ఇంతే."

"గీ దానికోసమే ముప్ఫై ఏండ్లు తిరిగిండా మీ నాయిన!"

ఇంకో గుక్క తాగింది. కిటికీ బయటికి చూసింది. చాలాసేపటికి, "చాయ్ కోసం కాదు బిడ్డా. ఎవ్వలు పిలువకుంట జరసేపు కూసునెతందుకు" అంది.

అమ్మ అలా ఎక్కడ కూర్చుందా అని లెక్క వేయబోయాను. నల్లా దగ్గర బిందెల వరసలో నిలబడింది. పొయ్యి ముందు కూర్చుంది గానీ, అక్కడ నిమిషానికొకరు పిలిచాం. గుడికి వెళ్ళినా సగం మనసు ఇంట్లో పాలగిన్నె మీదే. ఎక్కణ్ణుంచో వచ్చిన మనిషి ఊళ్ళో మగవాళ్ళందరికీ ఒక కుర్చీ వేశాడు. అమ్మ కుర్చీ మాత్రం ఉల్లిగడ్డల పక్కన, పరదా వెనక వేశాడు. అది ఆయన తప్పు కాదు. ఊరి ఆచారం చూసి వేశాడు. నాన్న తప్పనడానికి నాకు నోరు రాదు. కానీ ఒక్కసారి, "నడు, పోదాం" అని ఉంటే?

సర్వరు మళ్ళీ వచ్చాడు. "ఇంకో పౌనా తేనా అమ్మా?"

"పౌనా ఎందుకు?" అంది అమ్మ, కప్పు ముందుకు జరుపుతూ. "నిండ పోసి తే."