ఉప్పలు నుండి నాచారము దాక

సికింద్రాబాదు తూర్పు స్టేషనులో మెట్రోరైలెక్కి ఉప్పలులో దిగుటకు మాకు పావుగంటకు మించి పట్టలేదు. 2017 నవంబరులో ఈ రైలు నడచుట మొదలైనది. అంతకు పూర్వము ఇదే త్రోవను సిటీబస్సులో నిలుచుండి, ఒక చేత సంచియు, ఒక చేత కమ్మియు పట్టుకొని వచ్చినవారము గనుక, ఆ చల్లని పెట్టెలో కూర్చుండి కిటికీనుండి క్రిందికి చూచుట మాకు ఇప్పటికిని వింతగానే యున్నది. మెట్టుగూడ, తార్నాక, హబ్సిగూడ, ఎన్.జి.ఆర్.ఐ., స్టేడియం అని కనబడని గొంతుక యొకటి స్టేషనుల పేర్లు చదువుచుండును. 1961లో వెలసిన భూభౌతిక పరిశోధనాలయము ఒక స్టేషనునకును, క్రికెట్టు మైదానము మరియొక స్టేషనునకును పేళ్లిచ్చినవి. ఈ గొంతుక మాటను చదువరులు గుర్తుంచుకొనవలెను. దీనితో మాకు వెనుక పని కలదు.

ఉప్పలు ఒకప్పుడు నగరమునకు వెలుపలి పల్లె. నల్లచెరువు దాని పెద్దచెరువు. ఇపుడు వరంగల్లు రహదారి నగరములోనికి చొచ్చువాకిలి. నాలుగు దిక్కుల బండ్లు ఒకచోట కలియుటచే కాలినడకను దాటుట ప్రాణసంకటమై, 2023లో ఆ కూడలిపై ఆకాశవంతెన యొకటి కట్టిరి. దానిమీద నిలిచి చూచిన, పుస్తకముల బరువునకు ముందునకు వంగి నడచు చిన్నపిల్లలు ఎందరో కానవత్తురు. మేము చూడవచ్చినదియు అట్టి యొక చిన్నపిల్లనే.

మా చిన్నకూతురి కొమార్తెకు మూడేండ్ల తొమ్మిది నెలలు. మొన్నటి దసరాకు మా యింట నున్న పదిదినములును ఆ పిల్ల నోరు మూసినది నిదురలోనే. చీమ ఎక్కడికి పోవుచున్నది, చందమామకు చలి వేయదా, అమ్మమ్మకు అమ్మమ్మ ఎవరు అని మా ప్రాణములు తీసినది. ఈసారి మేము గుమ్మములో అడుగిడినపుడు తల్లి చెంగు వెనుకనుండి తొంగిచూచి, అడిగినదానికి తల యూపి ఊరకున్నది. జ్వరమేమో యని నొసలు తాకి చూచితిమి, లేదు. సాయంకాలము కారణము తెలిసినది. నాలుగు గీతల పుస్తకము తెరచి, ఇంగ్లీషు అక్షరము నొకదానిని పుట నిండ వ్రాయవలెనట. పిల్ల మూడు పంక్తులు వ్రాసి, వ్రేళ్లు నొచ్చి, పెన్సిలును మంచము క్రింద పడవైచి ఏడ్చినది. మరునాటి ఉదయము బడి సంచి చూడగనే త్రాగిన పాలు కక్కినది.

“అమ్మా, నాకు మాత్రం జాలి లేదా? ఇప్పుడు వెనకబడితే ఒకటో తరగతిలో సీటు రాదు. పక్కింటి పిల్లవాడు మాటలు వ్రాసేస్తున్నాడు,” అని మా అమ్మాయి కన్నీరు పెట్టుకొన్నది. మేము ఆమెను మందలింప బోయి ఆగితిమి. ఆమెకు నాలుగేండ్లపుడు ‘ఱ’ వంకర పోయినదని పలకతోనే వ్రేళ్లపై కొట్టినది ఎవరు? మేమే. ఆ సంగతి ఆమె మరచినదో లేదో మేమెన్నడును అడుగలేదు.

ఆ దినము పిల్లను బడికి పంపలేదు. తల్లి ఆఫీసునకు పోయినది. ఇంటిపనికి నాచారము నుండి వచ్చు ఆమె గిన్నెలు తోముచు అంతయు విన్నది. “అమ్మా, మా పిల్లగాడు పొద్దుగాల్నే నాకన్న ముందు ఉరుకుతడు అంగన్‌వాడికి. ఒక్కసారి ఈ బిడ్డను తీసుకొని రారాదు?” అన్నది. పిల్లను వెంటబెట్టుకొని, హబ్సిగూడ దాక మూడు స్టేషనులు మెట్రోలోను, అచ్చట నుండి ఆటోలోను నాచారము చేరితిమి.

నాచారమనగా సినిమా పత్రికలు చదువువారికి నందమూరి తారకరామారావుగారి స్టూడియో జ్ఞప్తికి వచ్చును. తక్కినవారికి కర్మాగారములు, వాని పొగ, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి. తల్లులకు తెలియవలసిన కర్మాగారము మరియొకటి యిచ్చట కలదు. ఏడవ నెల మొదలు మూడేండ్ల వరకు బిడ్డలకు అంగన్‌వాడీలలో పంచిపెట్టు బాలామృతమను పిండిని తయారుచేయు తెలంగాణ ఫుడ్స్ వారిది. ఈ కర్మాగారముల పనికై ఒడిశా, బీహారుల నుండియు జనము వచ్చి సందులలో ఇరుకుగదులు అద్దెకు తీసికొని యున్నారు. అందుచే ఒక్క సందులోనే నాలుగు భాషలు వినవచ్చును.

అంగన్‌వాడి ఒక అద్దెయింటిలోని ముందుగది. గోడలపై అక్షరములు, ఆవు, అరటిచెట్టు. పదునైదుగురు పిల్లలుందురేమో. మేము పోవునప్పటికి చదువేమియు జరుగుట లేదనియే తోచినది. ఒక మూల దుకాణము పెట్టియున్నారు. ఖాళీ బిస్కట్టు పొట్లములు, సబ్బుకాగితములు, ఉప్పు సంచి, చింతగింజలే డబ్బు. నాలుగేండ్ల దుకాణదారు “ఏం గావాలె?” యని గద్దించుచుండెను. కొనవచ్చిన పిల్ల ఉప్పు అడుగగా, వాడు సంచులలో వెదకి, దానిపై నున్న అక్షరములను వ్రేలితో చూపి, “ఇగో, ఉప్పు అని రాసుంది,” అనెను. ఆ బాలునకు అక్షరములు రావు. కాని గుర్తులు మాటకు బదులు నిలుచునని వానికి తెలిసినది. చదువునకు మొదటిమెట్టు ఇదియే కదా! కట్టెపుల్లను గుఱ్ఱమని స్వారిచేయు పిల్లయే, గీతను ధ్వనియని నమ్మగలదు.

ఒడిశా పిల్ల యొకతె అరటిపండు బొమ్మను చేతబట్టి “కొదొళి” అన్నది. తక్కినవారు పక్కున నవ్విరి. ఆ పిల్ల మొగము చిన్నబోయినది. టీచరు నవ్వినవారిని కసరలేదు. “మన పెద్ద పుస్తకాలల్ల కూడ అరటిని కదళి అంటరు. ఈమె మనకన్న ముందే నేర్చుకున్నది. ఇయ్యాల్టినుంచి మన దుకాణంల ఏ పేరు చెప్పినా పండు ఇయ్యాలె,” అనెను. పిదప ఆ దుకాణమునకు కొదళి కొనువారే యెక్కువైరి. ఇంటిమాట బడిలో పరిహాసమైన బిడ్డ మొదట ఆ మాటను, పిమ్మట నోటినే దాచుకొనును. మా పిల్ల కేమి జరిగెనో మాకు అచ్చట అర్థమైనది. ఆమె బడిలో తెలుగు మాటలాడగూడదట.

తరువాత ఆట పేర్ల ఆట. ఎవరి పేరులో ఎన్ని చప్పట్లో అన్ని గంతులు వేయవలెను. ఊరి పేరుకు నా–చా–రం అని మూడు. ఇది చూచి మాకు మంచి సందేహము తీరినది. ఇంగ్లీషు చదువు పిల్ల మాటను విడివిడి ధ్వనులుగా చీల్చవలెను, అది కఠినము. మన లిపియో, పలుకు ఎక్కడ విరుగునో చాలవరకు అక్కడనే అక్షరము విరుగును. చప్పట్లు కొట్టగల పిల్లకు పలుకు సగము చేజిక్కినట్లే. మనము చిన్నతనమున పెద్దలకు తెలియకుండ మాటలాడుకొన్న ‘క’భాష జ్ఞప్తి యున్నదా? ప్రతి యక్షరము ముందును కకారము చేర్చి గడగడ పలుకుచుంటిమి. అది అల్లరియని తిట్లు తింటిమి గాని, అక్షరమును అక్షరము నుండి విడదీయు విద్యయని ఎవరును చెప్పలేదు.

గదివాకిట ఆయా చుక్కలు పెట్టియుండగా ఇద్దరాడపిల్లలు, ఒక మగపిల్లవాడు సుద్దముక్కతో వాని చుట్టును మెలికలు త్రిప్పుచుండిరి. తెలుగక్షరములన్నియు గుండ్రములే. నిలువుగీత, అడ్డుగీతలకంటె సున్న, వంపు, మెలిక చేతికి రావలెను. మెలికముగ్గు ఇంతకంటె ఏమి? పిండి పిసుకుట, పూలు గ్రుచ్చుట, బతుకమ్మకు ముందు కన్నెపిల్లలు మట్టితో బొడ్డెమ్మను చేయుట — వ్రేళ్లకు బలమిచ్చునవన్నియు మన యిండ్లలో నున్నవే. బొడ్డెమ్మ చుట్టు తిరుగుచు పాడునపుడు పలుకు, తాళము, అడుగు మూడును ఒక్కటై పోవును.

“ఎప్పుడు వ్రాయింతురమ్మా?” యని అడిగితిమి. “రాస్తరమ్మా, తొందరేముంది? చెయ్యి ముదరాలె గదా,” యని టీచరు నవ్వి, అంతలోనే మొగము దించుకొన్నది. పిల్లలకు మూడు నిండగనే తల్లులు మాన్పించి ఇంగ్లీషు బడికి పంపుచున్నారట. “ఈడ ఆటలే, చదువు లేదంటరు. కడుపు మాడ్చుకొని ఫీజు కడ్తరు. ఏమనాలె?” అనెను. మా వెంట వచ్చిన ఆమె నేల చూచినది. ఆమెయు వచ్చే యేడు కొడుకును మాన్పింపవలెనని యున్నదట.

ఈ తగవు క్రొత్తది గాదు. గుజరాతులో గిజుభాయి బధేకాగారు 1920లో భావనగరమున బాలమందిరము పెట్టి ఆటపాటలతో చదువు నేర్పినపుడును తల్లిదండ్రులు ఇట్లే శంకించిరి. 1939లో మాంటిస్సోరి అమ్మగారు మద్రాసు అడయారునకు వచ్చి, యుద్ధకారణమున 1946 వరకును మన దేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ మొసగిరి. మన తెలుగువారిలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరిగార్లు రేడియో అన్నయ్య, అక్కయ్యలై పిల్లల నోటనే పిల్లలకు పాటలు, కథలు వినిపించి, 1945లో ‘బాల’ పత్రికను నెలకొల్పిరి. అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాజెక్టులతో ఆరంభమైనవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడు నుండి ఎనిమిదేండ్ల వయస్సును ఒక్క దశగా నెంచి, ఆటయే అందులకు పద్ధతియని చెప్పినది. కాగితముపై అంతయు ఒప్పుకొన్నారు. నాలుగు గీతల పుస్తకము మాత్రము బడిసంచిలోనే యున్నది.

ఇంకొక మాట. మీట నొక్కగనే పాడు ప్లాస్టిక్కు బొమ్మలు మా అమ్మాయి యింట గంపెడు కలవు. 2015 డిసెంబరులో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధన యొకదానిలో, అట్టి బొమ్మలతో ఆడునపుడు తల్లిదండ్రులు బిడ్డలతో పలుకు మాటలు పుస్తకముతో గాని కొయ్యదిమ్మెలతో గాని ఆడునప్పటికంటె తగ్గినవని తేలినది. బొమ్మ మాటలాడిన తల్లి ఊరకుండును కాబోలు! నిర్మల్ బొమ్మయో, కొండపల్లి బొమ్మయో నోరు మెదపదు గనుక దాని మాటలన్నియు పిల్లయే చెప్పవలెను.

నాచారములో ఉన్నంతసేపును మా మనుమరాలు మా చీరకుచ్చిళ్లు వదలలేదు. తిరిగి వచ్చునపుడు మెట్రోలో ఏమియు మాటలాడక కిటికీనే చూచుచుండెను. మా శ్రమ వ్యర్థమైనదనుకొన్నాము.

సాయంకాలము మేము కాఫీ కలిపి వచ్చునప్పటికి ముందుగదిలో కుర్చీలు, పీటలు, బిందె, బడిసంచి వరుసగా నిలిచియున్నవి. పిల్ల మొదటి కుర్చీపై నిలిచి ఆ కనబడని గొంతుకతో “తర్వాతి స్టేషను హబ్సిగూడ” యని చదువుచుండెను. మేము కూర్చుండబోగా “టిక్కెట్టు ఏదీ?” అన్నది. లేదంటిమి. నాలుగు గీతల పుస్తకమునుండి తానే ఒక కాగితము చింపి, మంచము క్రింద దూరి పెన్సిలు తెచ్చుకొని, దానిపై చుట్టలు చుట్టి మా చేతికిచ్చినది.

“ఏమని వ్రాసితివి?”

“నాచారం. మూడు,” అని మూడు చుట్టలను ఒక్కొక్కటిగా వ్రేలితో తాకి చూపినది.

అప్పుడే తల్లి ఆఫీసు నుండి వచ్చి గుమ్మములో నిలిచినది. చింపిన పుటను చూచినది, మమ్ము చూచినది. ఏమనునోయని మేము ఊపిరి బిగబట్టితిమి. ఆమె చెప్పులు విడిచి, బిందెకును సంచికిని నడుమ నున్న పీటపై కూర్చుండి, “నాకు ఉప్పల్‌కు ఒకటి ఇవ్వమ్మా,” అన్నది.

“ఉప్పల్ దాటిపోయింది. నాగోల్‌కు ఇస్తాను. చిల్లర ఉందా?” అని పిల్ల అడిగినది.