సరమ శాపము

మా చిన్ననాడు కుక్క గడప దాటి లోనికి వచ్చెనా, పెద్దలు కఱ్ఱ యెత్తుచుండిరి. పిదప ఆ తావున పసుపునీళ్లు చల్లుచుండిరి. ఆ పెంపకమున పెరిగిన మేము ఏటూరునాగారమున ఉపాధ్యాయులమై, ఒకనాడు కుక్కపిల్లను చంకనిడుకొని తరగతికి వచ్చిన పదేండ్ల బాలుని గద్దించి వెలుపలికి పంపితిమి. వాడు మారు పలుకలేదు.

గోదావరి యొడ్డున, అడవి నడుమ నున్న యీ యూర కుక్క వేడుకకు పెంచు జంతువు గాదు. రాత్రులందు చేలపై బడు అడవిపందుల నదలించునది అదియే. ఆ సంగతి మాకంటె ఆ బాలునికే బాగుగ తెలియును.

కొన్నాళ్లకు ఆంగ్లపాఠమునకు తోడుగా నుండునని బడిలో ‘ఓల్డ్ యెల్లర్’ అను చిత్రమును జూపితిమి. ఫ్రెడ్ గిప్సన్ 1956లో వ్రాసిన నవలను డిస్నీవారు 1957లో చిత్రముగా దీసిరి. కథ 1860ల నాటి టెక్సాస్ పల్లెపట్టున జరుగును. తండ్రి పశువుల నమ్ముటకై దూరదేశమేగగా ఇంటిభారము ట్రావిస్ అను బాలునిపై బడును. దిక్కులేని పసుపువన్నె కుక్క యొకటి వచ్చి మాంసము దొంగిలించును. మొదట దానిని తరుమజూచిన ట్రావిస్, అది తన తమ్ముని ఎలుగుబంటి బారినుండి కాపాడిన పిదప, దానిని ప్రాణముగ జూచుకొనును. తుదకు ఆ కుక్క వెఱ్ఱియెత్తిన తోడేలితో పోరాడి, కాటుపడి, ఆ రోగము పాలగును. బాలుడు తన చేతులతోనే దానిని తుపాకితో గాల్పవలసి వచ్చును.

పిల్లలేడ్చిరి, మేమును కన్నులు తుడుచుకొంటిమి. అందరు వెడలిన పిదప ఆ బాలుడొక్కడు నిలిచి, లాగు పైకెత్తి పిక్క జూపెను. నాలుగు దినముల క్రిందటి పంటిగాటు! వీధికుక్క కరచినదట. చెప్పినచో తన కుక్కపిల్లను తరిమివేయుదురని ఇంట దాచెనట.

“మాకైన చెప్పరాదటరా?”

“మీకు కుక్కలు పడవు గద, సార్!”

సబ్బుతో, పారు నీటిక్రింద పదునైదు నిమిషములు గాయము కడిగించి, తల్లిని వెంటబెట్టుకొని సర్కారు దవాఖానకు గొనిపోతిమి. చెప్పిన దినములన్నిట సూదిమందు వేయించితిమి. బాలుడు కుశలముగ నున్నాడు.

ట్రావిస్ కాలమున ఆ మందు లేదు. పాశ్చరు 1885లో కుక్కకాటు దిన్న తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరునకు దానిని వేయించి కాపాడెను. నేడు మందు గలదు. కాని రోగలక్షణములు పొడసూపిన పిదప బ్రతుకుట దాదాపు అసాధ్యము. కావున కరచిన నాడే బిడ్డ నోరు విప్పవలెను. ఆ నోటికి తాళము వేయునది మన కోపమే.

భారతమును ఎన్నిమార్లు పాఠము చెప్పితిమి! ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గమునకు రానన్న ఘట్టము చెప్పునపుడు మా గొంతు గద్గదమగుచుండెను. కాని కథారంభమునందలి సరమను మరచితిమి. ఏ తప్పు చేయని తన పిల్లను జనమేజయుని తమ్ములు కొట్టగా, ఆ తల్లి వచ్చి న్యాయమడిగెను. బదులు చెప్పువారు లేకపోగా, కానరాని భయము మిమ్ము చేరునని శపించెను. మా తరగతిలో నాలుగు దినములు మెలగినది ఆ కానరాని భయమే గదా!

వీధికుక్క నెల్ల కౌగిలించుకొనుమని మేము చెప్పము. పెంచిన కుక్కకు ఏటేట టీకా వేయింపవలెను. తెలియని కుక్కకు దూరముగ మెలగుట నేర్పవలెను. ఇట్టి చిత్రములను బిడ్డలతో గూర్చుండి చూడుడు. ముగిసిన వెంటనే లేచిపోక, వారేదేని చెప్పుదురేమోయని కొంతసేపు కాచియుండుడు.

ఆ కుక్కపిల్ల యిపుడు మా బడివసారాలో పండుకొనుచున్నది. దానికిని టీకా వేయించితిమి.