గుహలో గది కావాలా? ముందు గోడ సంగతి అడగండి!

సుచిత్ర నుంచి కొంపల్లి మీదుగా మేడ్చల్ వైపు వెళ్తుంటే అపార్ట్‌మెంట్ల మధ్య అక్కడక్కడా రాతిగుట్టలు కనిపిస్తాయి. అది గ్రానైట్. ఉలికి ఓ పట్టాన లొంగదు. అందుకే మన బండల నీడన నడుం వాల్చవచ్చుగానీ లోపల గది తొలచుకోవడం కష్టం. పోనీ బెలుం, బొర్రా గుహలున్నాయి కదా అంటారా? అవి సున్నపురాయిని నీరు కరిగించగా ఏర్పడ్డవి. నంద్యాల జిల్లాలోని బెలుం పొడవు 3,229 మీటర్లు. సందర్శకులు నడిచేది అందులో దాదాపు సగం. లోపల ఒకటే ఉక్క! చూసి రావాల్సిందే తప్ప పడుకోలేం.

గుహలో హాయిగా నిద్రపోవాలంటే టర్కీలోని కపడోసియాకు వెళ్లాలి. ఇస్తాంబుల్ నుంచి కైసేరీకో, నెవ్‌షెహిర్‌కో మరో విమానం ఎక్కితే అక్కడికి చేరువవుతాం. ఒకప్పుడు అగ్నిపర్వతాలు వెదజల్లిన బూడిద పొరలు పొరలుగా గట్టిపడి, 'టఫ్' అనే మెత్తని రాయి అయింది. చెక్కేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడటం దీని ప్రత్యేకత. గది లోపల ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుంది.

ఒకప్పటి కాపురాలు

జనం ఈ రాతిలోనే ఇళ్లు, చర్చిలు, పశువుల కొట్టాలు, పావురాల గూళ్లు తొలుచుకున్నారు. నేలలో గొయ్యి తీసి రొట్టెలు కాల్చుకునే పొయ్యిని 'తందిర్' అంటారు. మన తందూర్‌కు చుట్టమే! గొరెమె ప్రాంతాన్ని 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రాయి కూలే ప్రమాదం ఉండటంతో జెల్వె లోయలో కాపురమున్నవాళ్లను 1952లో ఖాళీ చేయించారు. ఇటలీలోని మతేరాలోనూ అదే ఏడాది వచ్చిన చట్టంతో సుమారు 15 వేలమంది గుహల ఇళ్లు వదలాల్సి వచ్చింది. అప్పట్లో ఆ ఇళ్లు దేశానికే తలవంపులన్నారు. ఇప్పుడు అదే మతేరాలో గుహ గదుల కోసం పర్యాటకులు క్యూ కడుతున్నారు!

అసలుదేనా?

గుహ హోటల్ అని బోర్డు ఉన్నంత మాత్రాన ప్రతి గదీ గుహ కాదు. చాలాచోట్ల కొన్ని గదులు కొండను తొలచినవైతే, మిగతావి రాళ్లు పేర్చి కమాను కట్టినవి. రెండూ అందంగానే ఉంటాయి. కానీ గుహ ధర చెల్లించి కమాను గదిలో పడుకుంటే ఉసూరుమనిపిస్తుంది. అందుకే హోటల్ ఫొటోలు చూసి సరిపెట్టుకోకండి. మీకిచ్చే గది ఫొటోనే పంపమనండి. ఈ ప్రశ్నలూ అడగండి.

* కిటికీ ఉందా? కొండ లోపలికి ఉన్న గదులకు ఉండకపోవచ్చు. మూసినచోట ఊపిరాడదనుకునేవాళ్లకు ఇది ముఖ్యం.
* తేమ వాసన వస్తుందా? టఫ్ నీటిని పీల్చుకుంటుంది. గాలి ఆడక, హీటర్ లేక చెమ్మగిల్లిన గదిలో ఒక్క రాత్రి కూడా కష్టమే.
* గోడ నుంచి పొడి రాలుతుందా? కొద్దిగా రాలడం సహజం. ఉబ్బసం ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.
* మెట్లెన్ని? కొండవాలు హోటళ్లలో లిఫ్ట్ అరుదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకు కింది గది తీసుకోండి.

ఏ ఊళ్లో దిగాలి?

భోజనం, సందడి, మేడ మీది నుంచి తెల్లవారుజామున బెలూన్ల దృశ్యం కావాలంటే గొరెమె. ఎత్తు నుంచి లోయలు చూడాలంటే ఉచ్‌హిసార్. ప్రశాంతత కోరుకుంటే ముస్తఫాపాషా. దాని పాతపేరు సినసోస్. 1923 నాటి ఒప్పందంతో జరిగిన జనాభా మార్పిడిలో అక్కడి గ్రీకులు ఇళ్లు వదిలి వెళ్లారు. శాకాహారులకు పప్పు సూప్, చీజ్ కూరిన గొజ్లెమె రొట్టెలు దొరుకుతాయి.

చివరిగా ఒక్క ప్రశ్న. 'ఈ గది ఇంతకుముందు ఏమిటి?' అని యజమానిని అడగండి. వంటిల్లా, కొట్టమా, పావురాల గూడా అన్నది చెప్పగలిగి, పాత పొయ్యినీ ఉలి గీతలనూ అలాగే ఉంచినవాడు రాయినీ జాగ్రత్తగానే చూసుకుంటాడు. సిమెంట్ పూసి, జాకుజీ దించి, లైట్లతో ముంచెత్తిన గదైతే అంతదూరం వెళ్లక్కర్లేదు. అలాంటివి మన కొంపల్లి రిసార్టుల్లోనూ కట్టొచ్చు!