లేసమ్మ, గోపన్న

పొద్దున్నే మా బాల్కనీలో నేను ఊడ్చేది చెత్త కాదండీ, పొట్టు. కొర్రల పొట్టు, సామల పొట్టు. ఫ్యాను వేస్తే చాలు, హాల్లోంచి పూజగది దాకా ప్రయాణం చేస్తుంది. మా ఆయనకి పక్షుల పిచ్చి పట్టి నాలుగేళ్లయింది. పిచ్చి ఆయనది, చీపురు నాది.

బి.ఏ.లో శుకసప్తతి గురించి చదువుకున్నాం. భర్త ఊళ్లో లేనప్పుడు ఇల్లాలు గడప దాటకుండా రాత్రికో కథ చెప్పి ఆపేస్తుంది అందులో చిలక. మా ఇంటి చిలకలు కథలేం చెప్పవు గానీ చేసే పని మాత్రం అదే. నాలుగేళ్లుగా ఏ పెళ్లికీ రెండు రాత్రులు ఉండి రాలేదు నేను.

మనందరం "లవ్ బర్డ్స్" అనేసే ఈ చిన్న చిలకల అసలు పేరు బడ్జీలు. నిజం లవ్ బర్డ్స్ వేరు, అవి ఆఫ్రికావి, తోక పొట్టిగా ఉంటుంది. ఇవి ఆస్ట్రేలియావి. 1840లో జాన్ గౌల్డ్ అనే ఆయన వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకి తీసుకెళ్లాడు. అడవిలో ఉండేవి ఆకుపచ్చవే. నీలం, తెలుపు, ఇంకా ఈ బజార్లో కనిపించే రంగులన్నీ మనుషులు ఏరి ఏరి జతకట్టగా నిలిచినవి. మన రామచిలకని పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇవి పరదేశివి కాబట్టి పరవాలేదు. ఈ మాట అత్తయ్యగారికి ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ జవాబు ఒకటే. "చట్టం ఒప్పుకుంటే పాపం పోతుందా? పోయిన జన్మలో చిలకని పన్నెండేళ్లు పంజరంలో పెట్టినందుకే కదూ రామదాసు పన్నెండేళ్లు చెరలో ఉన్నాడు!"

మా ఆయన కొన్న మొదటి పోటీ పుంజుకి గోపన్న అని పేరు పెట్టింది కూడా ఆవిడే. రామదాసు అసలు పేరు కదా. ముద్దుకి పెట్టారో, దెప్పడానికి పెట్టారో నాకింకా తెలీదు.

పోటీ బడ్జీ అంటే బజార్లో దొరికే పిట్ట కాదు. దాదాపు ఎనిమిదిన్నర అంగుళాల పొడుగు, కళ్లు సగం మూసేసేంత ఈకల తల, గడ్డం కింద పూసలు గుచ్చినట్టు ఆరు మచ్చలు. గోపన్న ఆకుపచ్చవాడు. దండెం మీద కూర్చుంటే రిటైరైన తహశీల్దారులా ఉంటాడు. వీడి కోసం మా ఆయన ఎంత ఇచ్చారో నాకు చెప్పింది ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఉన్నది ఇంకొకటి. ఆ గొడవ మరోసారి రాస్తాను.

ఆ తర్వాత వచ్చింది లేసమ్మ. లేస్‌వింగ్ అంటారు ఆ రంగుని. పోటీల్లో కూడా అరుదుగానే కనిపిస్తుంది. ఒళ్లంతా నిమ్మపండు పసుపు, ఎర్రటి కళ్లు, వీపు మీదా రెక్కల మీదా లేత దాల్చిన చెక్క రంగులో అల్లిక. చూడగానే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మాది నర్సాపురం దగ్గర పల్లెటూరు. అక్కడ అరుగు మీద కూర్చున్న ప్రతి ఆడమనిషి చేతిలో కొక్కెం సూది, దారం ఉండ ఉండేవి. అమ్మమ్మ లేసు అల్లీ అల్లీ చూపు పాడుచేసుకుంది. డబ్బులు మాత్రం షావుకారు లెక్కకట్టి ఇచ్చినన్నే. ఆవిడ అల్లిన టేబుల్ గుడ్డ ఒక్కటి నా దగ్గరుంది, పాతబడి ముదురు మీగడ రంగుకి తిరిగింది. లేసమ్మ వీపు అచ్చం అలాగే ఉంటుంది. పేరు నేనే పెట్టాను. పిట్టలతో నాకు చుట్టరికం మొదలైంది కూడా అప్పుడే.

ఇక లెక్కలు. ఈ రంగు ఆడ మగ తేడాతో ముడిపడి నడుస్తుంది. పెట్ట దీన్ని లోపల దాచుకోలేదు, ఉంటే పైకి కనపడి తీరాలి. పుంజు మాత్రం ఒళ్లంతా ఆకుపచ్చగా ఉండి లోపల దాచుకోగలడు. గోపన్న అలా దాచుకున్నవాడేనని అమ్మినాయన మాట. చూసి చెప్పడానికి వీల్లేదు, పిల్లలు పుడితేనే నిజం తేలుతుంది. దాచుకున్నవాడే అయితే లేసమ్మకి పుట్టే పిల్లల్లో సగం లేస్‌వింగ్‌లు రావాలి.

డిగ్రీలో బయాలజీ చదివే మా పెద్దది గళ్లు గీసి ఇదంతా చెబుతూ, "మనుషుల్లో అయితే తిరగేసి ఉంటుందమ్మా. పుట్టేది ఆడో మగో పక్షుల్లో తల్లిని బట్టి, మనుషుల్లో తండ్రిని బట్టి" అంది. నేను బీరకాయ చెక్కు తీస్తున్నాను. చెయ్యి ఆగింది. హాల్లో అత్తయ్యగారు పేపరు తిరగేస్తున్నారు. విన్నారో లేదో.

మాకిద్దరూ ఆడపిల్లలే. చిన్నది పుట్టాక మూడేళ్లు ఇంట్లో ఒకటే మాట, "ఇంకొక్కసారి చూడండి." అత్తయ్యగారే కాదు, మా పిన్ని, పక్కవాటా ఆవిడ, పాలబ్బాయి తల్లి కూడా. మా ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మూడోది నాలుగో నెలలో పోయింది. అంతకంటే ఇక్కడ రాయలేను.

సరే, పిట్టల సంగతి. మొదటి విడతలో నాలుగు పిల్లలయ్యాయి. కళ్లు తెరవకముందే చర్మం కింద నలుపో ఎరుపో తెలిసిపోతుంది. నాలుగూ నల్లకళ్లే. అమ్మినాయన మోసం చేశాడని మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. రెండో విడత అయిదు గుడ్లు. రోజు విడిచి రోజు ఒక్కోటి పెట్టింది, ఒక్కోటి పద్దెనిమిది రోజుల పొదుగు. మూడే పిల్లలయ్యాయి. అందులో ఒకదానికి ఎర్రకళ్లు! అర్ధరాత్రి నన్ను లేపి టార్చితో చూపించారు. అయినా అప్పుడే సంబరం కాదట. ఎర్రకళ్లుండి ఒట్టి పసుపు పిట్టగా కూడా మిగలొచ్చు. ఈకలు మొలిచాకే అల్లిక వచ్చిందో లేదో తెలుస్తుంది. ఏడో రోజున కాలికి ఉంగరం వేశాం. అది గీత లేని గుండ్రటి ఉంగరం, పెద్దయ్యాక ఎక్కదు, దిగదు. వేళ్లకి వాసెలిన్ రాసి నేనే ఎక్కించాను. మా ఆయన చేతులు వణుకుతాయి. మూడో వారానికి రెక్క మీద ఓ గోధుమరంగు గీత, దాని పక్కన ఇంకో గీత. అచ్చం అమ్మమ్మ గుడ్డ అంచు.

ఎవరి గొప్ప వాళ్లదే అనుకోకండి, ఈ పిల్ల కోసం నేను కూడా నాన్‌స్టిక్ పెనం అటకెక్కించేశాను. అది బాగా కాలితే వచ్చే ఆవిరి పిట్టల ఊపిరితిత్తులకి విషం. మా ఇంట్లో దోసెలు ఇప్పుడు ఇనప పెనం మీదే.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, పిల్లకి రంగు వచ్చింది గానీ పోలిక తల్లిది. చిన్న తల, సన్న ఒళ్లు. పోటీలో రంగు ఎంత అరుదైనా ముందు చూసేది ఆకారమే. గోపన్న ఒడ్డూ పొడుగూ, లేసమ్మ రంగూ కలిసినది కావాలి మా ఆయనకి. "ఇంకొక్క విడత చూద్దాం" అన్నారు.

ఏడాదికి రెండు విడతలు, తర్వాత విశ్రాంతి అని నోటుపుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్నది ఆయనే. వద్దన్నాను. గూడు పెట్టె తీసి మంచం కింద పెట్టాను. ఆ నెలలోనే అమ్మకి కంటి ఆపరేషనని ఊరెళ్లి పన్నెండు రోజులుండాల్సొచ్చింది. తిరిగొచ్చి చూస్తే పెట్టె మళ్లీ పంజరానికి తగిలించి ఉంది, లోపల రెండు గుడ్లు. నేనేం మాట్లాడలేదు. మాట్లాడకపోతే మా ఇంట్లో అందరికీ భయం.

మర్నాడు రాత్రి పదింటికి లేసమ్మ పంజరం అడుగున ఉంది. ఈకలన్నీ ఉబ్బించుకుని, తోక ఆడిస్తూ, కళ్లు మూసుకుని. గుడ్డు అడ్డం పడింది. వరసపెట్టి గుడ్లు పెడితే ఒంట్లో కాల్షియం అయిపోయి ఇలా అవుతుంది, చచ్చిపోతాయి కూడా. ఎరిగున్న పశువుల డాక్టరుకి ఫోను చేస్తే, రాత్రంతా వెచ్చగా ఉంచండి, కాల్షియం చుక్కలు వెయ్యండి, పొద్దున్నే తీసుకురండి, నొక్కి తియ్యాలని మాత్రం చూడకండి అన్నారు. లోపల గుడ్డు పగిలితే ప్రాణానికే ముప్పట.

చెప్పుల అట్టపెట్టెలో పాత నూలు చీర ముక్క పరిచి, పక్కన అరవై క్యాండిల్ బల్బు వేలాడదీసి కూర్చున్నాం. ఓ గుప్పెడు కూడా లేదండీ ప్రాణం. ఊపిరి పీల్చినప్పుడల్లా దాంతోపాటు నేనూ బిగబట్టాను. మా ఆయన గోడకి ఆనుకుని కూర్చుని నా వంక చూడటం లేదు. అలికిడికి అత్తయ్యగారు లేచొచ్చి కుర్చీ లాక్కున్నారు. చాలాసేపటికి, "ఎన్నో విడతరా ఇది?" అన్నారు.

"మూడోదమ్మా."

ఆవిడ ఇంకేం అడగలేదు. పడుకోవడానికి వెళ్లనూ లేదు. తెల్లవారుజామున నాలుగింటికి గుడ్డు జారింది. పెంకు లేకుండా, తడి గుడ్డలా మెత్తగా. ఎనిమిదింటికి డాక్టరు కాల్షియం ఇంజెక్షను ఇచ్చారు. ఇంటికొచ్చాక మా ఆయన గూడు పెట్టె మేకులు ఒక్కోటీ పీకి, పలకలు విడదీసి, పాత పేపర్ల వాడికి వేసేశారు. నేను అడగలేదు. ఆయన చెప్పనూ లేదు.

పోటీకి ఆ సన్నటి పిల్లనే తీసుకెళ్లాం, హైదరాబాదుకి. బయట నలుపు, లోపల తెలుపు వేసిన పంజరంలో నెల్లాళ్లు అలవాటు చేసి, రోజూ నీళ్లు చిలకరించి తయారుచేశాం. దాని తరగతిలో నాలుగే పిట్టలు, మనది మూడోది. మూడో బహుమతి అని మా ఆయన అందరికీ చెప్పుకుంటున్నారు, నాలుగింటిలో అని మాత్రం చెప్పరు.

లేసమ్మ ఇప్పుడు బాల్కనీలో పెద్ద పంజరంలో వేరేగా ఉంటోంది, తన రెండో విడత కూతుళ్లతో. నిన్న నేను పొట్టు ఊడుస్తుంటే అత్తయ్యగారు కుర్చీ దాని దగ్గరికి జరుపుకున్నారు.

"ఇది ఎన్నేళ్లు బతుకుతుందే అమ్మాయ్?"

"బాగా చూసుకుంటే ఆరేడేళ్లు, ఇంకా ఎక్కువ కూడా అత్తయ్యా."

"అయితే నా తర్వాత కూడా ఉంటుంది" అని, వంటింట్లోంచి తెచ్చుకున్న కొత్తిమీర కాడ ఊచల్లోంచి లోపలికి అందించారు.