జమ్మి చెట్టు కింద ఒక శుక్రవారము

గోదావరిఖని నుండి బహ్రెయిన్ దేశమునకు వెళ్లి, అక్కడి తెలుగు కార్మిక సోదరుల మధ్య మూడు సంవత్సరములు పరిచర్య చేయుటకు ప్రభువు మాకు కృపనిచ్చారు. 2019 మార్చి నెలాఖరుకు మా తిరుగు ప్రయాణము నిశ్చయమైంది. టిక్కెట్లు చేతికి వచ్చిన రోజున మా సతీమణి సూట్‌కేసు దులుపుతూ, "ఊరికి పోయినాక అక్కడ ఏమేమి చూశారని సంఘములో స్త్రీలు అడుగుతారు. ఏం చెప్పాలి?" అన్నారు.

మా దగ్గర జవాబు లేదు. అక్కడ సెలవు దినము శుక్రవారము గనుక మన ఆదివారపు ఆరాధన అక్కడ శుక్రవారమే. ఉదయము ఆరాధన, మధ్యాహ్నము నుండి కార్మికుల క్యాంపులలో ప్రార్థన కూటములు, రాత్రి పదింటికి ఇల్లు. ఇంతా చేస్తే బహ్రెయిన్ ఎంత దేశము? దాదాపు 780 చదరపు కిలోమీటర్లు. మన పెద్దపల్లి జిల్లాలో మూడవ వంతు. ఆ మూడవ వంతును మేము మూడేండ్లలో చూడలేదు.

మిగిలినవి మూడు శుక్రవారములు. మధ్యాహ్నపు కూటములను తోటి సేవకునికి అప్పగించి, మొదటి వారము మేమిద్దరమే బయలుదేరి, మనామా పట్టణములో ఉన్న పాత క్రైస్తవ సమాధుల తోటకు వెళ్లాము. అమెరికా మిషనెరీ శామ్యూల్ జ్వేమర్ 1892లో ఈ ద్వీపమునకు వచ్చారు. 1904 జూలైలో, ఆ ఎండలలో, ఆయన కుమార్తెలు కాథరీనా, రూతు ఎనిమిది దినముల వ్యవధిలో చనిపోయారు. పెద్దపాపకు ఏడేండ్లు, చిన్నపాపకు నాలుగేండ్లు. తల్లిదండ్రులు సమాధి మీద ప్రకటన గ్రంథము 5:12లోని మాటను చెక్కించారు. పాఠకులు బైబిలు తెరచి చూడగలరు. ఆ పిల్లలు పోయిన తరువాత కూడ వారు సేవ మానలేదు. 1903లో మొదలైన మిషన్ ఆసుపత్రి నేటికీ నడుస్తున్నది. మా సతీమణి ఇంటికి చేరేవరకు మాట్లాడలేదు.

ఆ రాత్రి సల్మాబాద్‌లోని క్యాంపుకు వెళ్లి, ఫలానా చోటికి పోయి వచ్చామని చెప్పాము. అక్కడ మా ఎనిమిది ఇంక్లైన్ కాలనీ తమ్ముడొకడు ఉన్నాడు. తండ్రి బాయి పని చేసి దిగిపోయారు. కొడుక్కి బాయిలో పని కుదరలేదు. ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టి గల్ఫ్‌కు వచ్చాడు. భవన నిర్మాణములో ఇనుప చువ్వలు కట్టే పని. అతడు పప్పుచారు కలుపుతూ, మామూలుగానే అన్నాడు: "మంచిగయింది అయ్యగారూ. నేనొచ్చి తొమ్మిదేండ్లయింది, సముద్రం బస్సు కిటికీల నుంచే చూసిన."

అన్నము ముద్ద మాకు గొంతు దిగలేదు. మూడేండ్లుగా ఆ గదిలో ఆ మంచము మీదనే కూర్చుండి అతనికి వాక్యము చెప్పాము. ఎండలో అలసి వచ్చినవారు కునుకు తీస్తే మనసులో నొచ్చుకున్నాము కూడ. మేమున్న రోజులలో జూలై, ఆగస్టు నెలలలో మధ్యాహ్నము 12 నుండి 4 వరకు ఆరుబయట పని చేయించరాదని అక్కడ చట్టముండేది. మిగిలిన గంటలు పని గంటలే. అట్టివారిని ఒక్కనాడైనా సముద్రపు ఒడ్డుకు తీసుకుపోదామని మాకు తట్టలేదు.

రెండవ శుక్రవారము ఒక మినీ బస్సు మాట్లాడాము. ఎక్కినవారు పద్దెనిమిది మంది. అందులో కూటమునకు ఎన్నడూ రానివారు ఏడుగురు. ముందుగా జెబెల్ దుఖాన్ అనే గుట్టకు పోయాము. ఆ పేరునకు అర్థము పొగ కొండ. ఆ దేశములో అంతకంటే ఎత్తైన చోటు లేదు, ఎత్తు 134 మీటర్లు. మన రామగిరి ఖిల్లా ఎక్కినవాళ్లు దానిని చూసి నవ్వారు. కాని దాని పక్కనే మొదటి నూనె బావి ఉన్నది. గల్ఫ్‌లో అరబ్బుల వైపు మొట్టమొదట నూనె పడినది అక్కడే, 1932 జూన్ 2న. ఇల్లెందు దగ్గర డాక్టర్ కింగ్ 1871లో బొగ్గును కనుగొన్న సంగతి మేము చెప్పబోతే, "అది మాకు ఎరికే అయ్యగారూ, ఇది చెప్పుండ్రి" అన్నారు. బొగ్గు ఊరివాళ్లకు బొగ్గు పాఠము చెప్పబోవుట మాదే పొరపాటు.

అక్కడికి రెండు కిలోమీటర్ల దూరములో జీవవృక్షమని పేరుగల చెట్టు ఉన్నది. సుమారు నాలుగు వందల ఏండ్ల చెట్టు. చుట్టూ ఇసుక తప్ప మరేమీ లేదు. పైకి నీటి జాడ కానరాదు. కొమ్మలు మాత్రము నేలకు వంగి విశాలముగా పరచుకొని ఉన్నవి. ఆ పేరు విన్నప్పటి నుండి ఆదికాండము రెండవ అధ్యాయము మీద ఒక చిన్న ప్రసంగము సిద్ధము చేసుకొని వచ్చాము. నోరు తెరిచేలోగా మా తమ్ముడు రాలిన ఆకును వేళ్ల మధ్య నలిపి, "అయ్యగారూ, ఇది మన జమ్మి చెట్టే గదా!" అన్నాడు.

జమ్మియే. మన తెలంగాణ రాష్ట్ర వృక్షము. దసరాకు మా వాడలో ఇరుగుపొరుగువారు పంచుకొనేది ఈ ఆకే. అందరూ దాని చుట్టూ తిరిగి, తమ ఊళ్లలో జమ్మి ఎక్కడెక్కడ ఉన్నదో చెప్పుకొన్నారు. ఒకరికి బడి వెనుక, ఒకరికి చెరువు కట్ట మీద. వీడియో ఫోనులో ఇంటివారికి చూపించారు. ప్రసంగము మా జేబులోనే ఉండిపోయింది. దేవుడు దానికి నొచ్చుకొని ఉంటారని మేము అనుకోము. సూర్యుడు దిగేవరకు ఎవరూ బస్సు ఎక్కలేదు. సఖీర్‌లో, 2004 నుండి కార్ల పందెములు జరుగు మైదానము పక్కగా తిరిగి వచ్చాము. ఆ నెలాఖరున పందెమట, దారంతా దీపాలే. మావాళ్లు తలకూడ తిప్పలేదు.

చివరి శుక్రవారము క్యాంపు వెనుక ఖాళీ జాగాలో కబడ్డీ పెట్టాము. పెద్దపల్లి, మంచిర్యాల వాళ్లు ఒక జట్టు, కడప, కోనసీమ వాళ్లు మరొక జట్టు. మేము విజిల్ పట్టుకొని నిలబడితే ఊరుకోలేదు, ఒక్కసారైనా కూతకు పోవాలన్నారు. నలభై దాటిన కాళ్లు. గీత దాటి నాలుగు అడుగులు వేయకముందే కడపవాళ్లు చీలమండ పట్టి ఇసుకలో బోర్లా పడవేశారు. మోకాలు చీరుకుపోయింది. మూడేండ్లలో వాళ్లు అంత నవ్వగా మేము చూడలేదు. గెలిచినవారికి ఒక పెట్టె అరటిపండ్లు బహుమానము. ఓడినవారే ఎక్కువ తిన్నారు. ఆట అయినాక, పిలవకుండానే, ఇసుకలోనే కూర్చుండి ప్రార్థన చేయుమన్నారు. కూటమునకు రాని ఆ ఏడుగురిలో నలుగురు అక్కడ ఉన్నారు. ఆ ఖాళీ జాగా మూడేండ్లుగా అక్కడే ఉన్నది. ప్రతి వారము దాని పక్కనుండే నడిచి పోయేవారము.

సికింద్రాబాదులో రైలెక్కి రామగుండములో దిగినప్పుడు తెల్లవారుతున్నది. ఎన్‌టీపీసీ పొగగొట్టాలు కనబడగానే మా సతీమణి కండ్లు తుడుచుకున్నారు. ఆ వారములోనే ఎనిమిది ఇంక్లైన్ కాలనీకి పోయి ఆ తమ్ముని తండ్రిని చూశాము. మొదట అడిగిన మాట, "మావోడు బక్కగయిండా?" లేదని చెప్పాము. కొంచెమయ్యాడు. "నేను నీడల చేసిన పని, వాడు ఎండల చేస్తుండు" అని ఆయన అనుకొని ఊరుకున్నారు.

మా బైబిలులో కాగితములో మడిచి తెచ్చిన నాలుగు రాలిన ఆకులు తీసి ఇచ్చాము. కొడుకు పంపాడని చెప్పాము. పెద్దాయన వాటిని కండ్లకు దగ్గరగా పెట్టుకొని చూసి, వాసన చూసి, "ఇసుకలగూడ పెరుగుతదా జమ్మి?" అని అడిగి, లోపలికి కేకవేసి భార్యను పిలిచారు.