రెండు చీటీలు, ఒక కంచం

మన ఇళ్ళల్లో జబ్బులకు కూడా వావివరసలున్నాయి. షుగరు పెద్దకోడలు. అది ఇంట్లో అడుగుపెట్టిందంటే వంటింటి పెత్తనం దానిదే. రక్తపోటు కొత్తల్లుడు. ఎప్పుడు అలుగుతాడో ఎవరికీ తెలియదు. ఇక యూరిక్ యాసిడ్ సంగతంటారా? అది దూరపు చుట్టం. కాలు వాచి కదల్లేకపోయిన రోజున తప్ప ఎవరికీ గుర్తుకు రాదు. అయితే ఈ పెద్దకోడలికీ, ఆ దూరపు చుట్టానికీ లోలోపల రాకపోకలున్నాయని మాత్రం చాలామందికి తెలియదు. సదుంలో వున్న మా మేనత్త ఇంట్లోనూ తెలియలేదు.

అత్తకు అరవై దాటాయి. షుగరు ఎనిమిదేళ్ళుగా వుంది. ఒకరోజు అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోయింది. "దుప్పటి తగిలినా పానం పోతా వుండాదే అమ్మణ్ణీ!" అని ఫోనులో ఒకటే ఏడుపు. రక్తం పరీక్ష చేయిస్తే యూరిక్ యాసిడ్ 7.1 అని వచ్చింది. ఆడవాళ్ళకు సాధారణంగా 6 లోపల వుండాలంటారు.

అప్పటికే వంటింటి గోడ మీద షుగరు చీటీ ఒకటి వుంది. చక్కెర, స్వీట్లు, మామిడిపండు, అరటిపండు, దుంపలు వద్దు, అన్నం తక్కువ. ఇప్పుడు దాని పక్కన మా బావ రెండో చీటీ అంటించాడు. అది డాక్టరు రాసిచ్చింది కాదు. ఇంటికొచ్చిన చుట్టపక్కాలు తలా ఒకటి చెప్పగా తయారైన చీటీ. కందిపప్పు వద్దు, అనపగింజలు వద్దు, పాలకూర వద్దు, మాంసం వద్దు, టమోటా వద్దు. మదనపల్లె టమోటా మార్కెట్టుకు అంత దగ్గరలో కాపురముంటూ టమోటా మానెయ్యడమేమిటి? చలికాలంలో పితికిపప్పు చారు లేకుండా సంగటి ముద్ద గొంతు దిగేదెలాగ?

"ఇంక నేను గోడ నాకి బతకల్లా?" అంది అత్త.

ఆకలి మనిషికి తెలివి నేర్పుతుంది. రెండు చీటీల్లోనూ పేరులేని వస్తువులను అత్త వెతికి పట్టుకుంది. పొద్దున్నే తేనె కలిపిన నిమ్మకాయ నీళ్ళు. రెండుపూటలా బెల్లం కాఫీ. పుంగనూరు పోయినప్పుడల్లా చెరకు రసం. ఇంట్లో వుంటే బత్తాయి రసం. "చక్కెర వద్దన్నారు గానీ బెల్లం వద్దని యాడ రాసుండాది?" అని ఎదురు ప్రశ్న. నిజమే, రాసి లేదు.

మూడు నెలలు గడిచాక మళ్ళీ పరీక్ష. యూరిక్ యాసిడ్ 5.2కు దిగింది! బావ సంతోషం పట్టలేక చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. అదే కాయితంలో పై వరసలో పరగడుపు చక్కెర 268 అని వుంది. మూడు నెలల క్రితం అది 142. "షుగరు ఎప్పుడూ వుండేదే లెండి" అని దాన్ని దాటేశారు. మనిషి చిక్కిపోయింది. "ఒళ్ళు తగ్గింది, మంచిదే" అన్నారు. రాత్రి నాలుగైదుసార్లు బాత్రూముకు లేస్తూంది. "వయసు" అన్నారు. ఆడవాళ్ళ విషయంలో వయసు అనే మాట ఎన్ని రోగాలను కప్పిపుచ్చుతుందో!

నేను సదుం వెళ్ళినప్పుడు ఆ కాయితం చూసి, అత్తను మదనపల్లెలో ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాను. ఆవిడ కాయితం చూసి నవ్వలేదు. "యూరిక్ యాసిడ్ ఎందుకు తగ్గిందో తెలుసా? చక్కెర మరీ పెరిగింది కనుక తగ్గింది" అన్నారు.

సంగతి ఏమిటంటే, రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి వుంచలేక మూత్రంలోకి వదిలేస్తాయి. చక్కెరతో పాటు యూరిక్ యాసిడ్ కూడా ఎక్కువగా కొట్టుకుపోతుంది. గండిపడ్డ చెరువులో మట్టం తగ్గినట్టన్నమాట. అది చూసి పండగ చేసుకుంటామా? ఇప్పుడు చక్కెరను కావాలనే మూత్రంలోకి పంపించే షుగరు మాత్రలు వున్నాయి. అవి వేసుకున్నవాళ్ళకు కూడా యూరిక్ యాసిడ్ తగ్గుతుంది. అయితే అది డాక్టరు కనిపెట్టుకుని వుండి చేసే పని. అత్తకు జరిగింది గండి.

మరి మొదట్లో 7.1 దాకా ఎందుకు పెరిగినట్టు? దానికీ షుగరుతోనే లంకె. షుగరు వ్యాధి ముదరకముందు ఒంట్లో ఇన్సులిన్ వుంటుంది గానీ దాని మాట చెల్లదు. మాట చెల్లని కొద్దీ ఒళ్ళు ఇంకా ఇంకా ఇన్సులిన్ తయారు చేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ మూత్రపిండాలతో, "యూరిక్ యాసిడ్‌ను బయటికి పోనివ్వకండి" అంటుంది. అందుకనే చాలామందిలో షుగరు బయటపడకముందే యూరిక్ యాసిడ్ పెరిగి కనిపిస్తుంది.

ఇక బెల్లం కథ వినండి. చక్కెరైనా బెల్లమైనా అందులో ప్రధానంగా వుండేది సుక్రోజు. అందులో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. తేనెలోనూ ఈ రెండే ఎక్కువ. గ్లూకోజు మన వేలు గుచ్చి చూసే మిషనుకు దొరికిపోతుంది. ఫ్రక్టోజు చాలామటుకు నేరుగా కాలేయానికి వెళుతుంది. దాన్ని అరాయించుకోవడానికి కాలేయం ఏ.టి.పి. అనే పదార్థాన్ని గబగబా ఖర్చు చేస్తుంది. ఏ.టి.పి. అంటే జీవకణాల చేతి ఖర్చు డబ్బు. ఆ ఖర్చులో మిగిలిన చిల్లర విరిగి విరిగి చివరికి యూరిక్ యాసిడ్ అవుతుంది. ఈ ఏ.టి.పి.ని మొదట కనుక్కున్నవాళ్ళలో మన తెలుగువాడున్నాడు, తెలుసా? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు! 1929లో అమెరికాలో ఫిస్కేతో కలిసి ఆయనా, విడిగా జర్మనీలో లోమనూ దాన్ని కనుగొన్నారు. అత్తకు ఈ సంగతి చెబితే, "అంత గొప్పాయన కనిపెట్టిందాన్ని నేను చెరకు రసానికి తగలేస్తా వుండానా!" అంది.

ఈ మాట ఉత్తదే అనుకోకండి. అమెరికాలో 78 వేలకు పైగా స్త్రీలను, అందులోనూ నర్సులను, 22 ఏళ్ళు గమనించి 2010లో ప్రకటించారు. తియ్యటి కూల్‌డ్రింకులూ, నారింజ రసమూ రోజూ తాగేవాళ్ళకు ఈ వేలివాపు జబ్బు ముప్పు ఎక్కువని తేలింది. పప్పు సంగతి వేరే పరిశీలన చెప్పింది. 2004లో 47 వేలకు పైగా మగవాళ్ళను పన్నెండేళ్ళు గమనించి చూస్తే మాంసం, చేపలు ముప్పు పెంచాయి. ప్యూరీన్లు ఎక్కువున్న కూరగాయలు పెంచలేదు. పాల వస్తువులు ముప్పు తగ్గించాయి. అంటే మన అత్త మానేసిన పప్పూ, పాలకూరా నిర్దోషులు! ఆవిడ నమ్ముకున్న రసాలే దోషులు.

అన్నట్టు, పుంగనూరు పొట్టి ఆవుకు ఈ బాధ లేదు. యూరిక్ యాసిడ్‌ను విరిచెయ్యడానికి చాలా జంతువులకు ఒక ఎంజైము వుంది. మనుషులం ఎన్నో లక్షల ఏళ్ళ క్రితమే దాన్ని పోగొట్టుకున్నాం. ఆడవాళ్ళకు కొన్నాళ్ళు ఈస్ట్రోజెన్ అండగా నిలిచి యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపుతూంటుంది. ముట్లుడిగాక ఆ అండ పోతుంది. షుగరూ ఇంచుమించు ఆ వయసులోనే తలుపు తడుతుంది. కనుక యాభై దాటిన అక్కచెల్లెళ్ళకు ఈ రెండు అంకెలూ కలిపి చూడవలసినవే.

"అయితే యూరిక్ యాసిడ్ మాత్ర వేసుకుంటే షుగరు కూడా కట్టేస్తుందా?" అని బావ అడిగాడు. అలా రుజువు కాలేదన్నారు డాక్టరమ్మ. ఆ మాత్ర అల్లోప్యూరినాల్ గెర్ట్రూడ్ ఎలియన్ అనే శాస్త్రవేత్త బృందం తయారు చేసింది. ఆవిడకు 1988లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. వేలివాపుకు అది మంచి మందే. కానీ చిన్ననాటి నుంచీ ఇన్సులిన్ మీద ఆధారపడే రకం షుగరున్న 530 మందికి మూడేళ్ళు ఇచ్చి చూస్తే, వాళ్ళ మూత్రపిండాలను అది కాపాడలేకపోయిందని 2020లో తేలింది. రెండింటికీ చుట్టరికం వుంది గానీ, ఒకదానికి పెట్టిన తాళం రెండోదానికి పట్టదు.

ఇప్పుడు అత్త వంటింటి గోడ మీద ఒకే చీటీ వుంది. డాక్టరమ్మ స్వయంగా రాసింది. పప్పు వుంది, అనపగింజలున్నాయి, మజ్జిగ దండిగా వుంది. సంగటి వుంది, కానీ ఒక్క ముద్దే. రాగులతో చేసినంత మాత్రాన షుగరు పెరగకుండా వుండదు. తేనె, బెల్లం, పళ్ళరసాలు లేవు. పండు కావలిస్తే కాయపళంగా కొద్దిగా తినవచ్చు. చక్కెర మందులు మార్చారు. నెలన్నరకు పరగడుపు చక్కెర 150 దగ్గరకు దిగింది. యూరిక్ యాసిడ్ 6.3కి పెరిగింది. బావ కంగారుపడితే డాక్టరమ్మ, "ఇదే ఈవిడ అసలు అంకె. ఇప్పుడు దీని సంగతి చూద్దాం" అన్నారు.

ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా చీటీలు రాసేవాళ్ళకు కొరత లేదు. ఆ చీటీలన్నీ చివరికి చేరేది ఒక్క కంచంలోకేనని రాసేవాళ్ళకు తోచదు. మీ ఇంట్లో పెద్దావిడ వుంటే, ఆవిడ రక్తపరీక్ష కాయితం చేతికి రాగానే పైనుంచి కిందదాకా చదవండి. తరువాత ఆవిడ కంచంలో ఏం మిగిలిందో కూడా ఒకసారి చూడండి.