వేడెక్కని కారు

కిందటేడు నవంబరులో మా నాన్న కారు పొల్యూషన్ పరీక్ష తప్పింది. తప్పింది కారే అయినా మొహం వాడిపోయింది మాత్రం నాన్నది.

2009 మోడల్ తెల్ల మారుతి 800 అది. బడిపంతులుగా రిటైరయినప్పుడు వచ్చిన డబ్బుల్లో కొంత తీసి కొన్నారు. చివరి రోజుల్లో అమ్మని ఆస్పత్రుల చుట్టూ తిప్పింది కూడా అదే. అమ్మ పోయాక నాన్న, కారు ఇద్దరూ మా ఇంటికి వచ్చేశారు. చూపు మందగించాక తాళాలు నా చేతిలో పెట్టి, "నువ్వు నడుపమ్మాయ్, నేను పక్కన కూచుంటా" అన్నారు.

పదిహేనేళ్లు నిండాయి కదా, రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి. దానికి పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. పెట్రోలు బంకు దగ్గర ఆ అబ్బాయి సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపాడు. "సీవో 2.1 వస్తోంది మేడమ్. మీ బండికి 0.5 దాటకూడదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర మావారు, "తుక్కుకి ఇచ్చేద్దాం. దాని మీద పెట్టే డబ్బు దండగ" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. నాన్న ఏమీ అనలేదు. టీవీ కేసి అలాగే చూస్తూ ఉండిపోయారు. అందులో వస్తున్నవేమో సబ్బుల ప్రకటనలు.

మర్నాడు ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. బానెట్ కూడా ఎత్తకుండానే "కన్వర్టర్ పోయింది, మార్చాలి" అని వేలల్లో లెక్క చెప్పారు. ఆలోచించుకుని వస్తానని చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చి పరీక్ష చీటీ ముందు పెట్టుకుని కూర్చున్నా. అందులో రెండు అంకెలున్నాయి. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిర్లని హెచ్‌సీ అంటారట. మా కారుకి అది 750 వరకూ ఉండొచ్చు, 410 వచ్చింది. అక్కడ ఇబ్బంది లేదు. సీవో ఒక్కటే ఎక్కువ. అంటే కార్బన్ మోనాక్సైడ్. పెట్రోలు ఎక్కువై, గాలి చాలక, సగం సగం మండితే వచ్చేది.

ఇది మనకి తెలియని సంగతా చెప్పండి! గ్యాస్ పొయ్యిలో గాలి సరిగ్గా అందనప్పుడు మంట నీలంగా ఉండదు, పసుపుపచ్చగా వస్తుంది. గిన్నెల అడుగు మసి పడుతుంది. గ్యాసూ త్వరగా అయిపోతుంది. వెళ్లి సైలెన్సర్ అంచు వేలితో తుడిచి చూశాను. నల్లటి మసి. లీటరుకి పదిహేడు ఇచ్చే బండి కొన్నాళ్లుగా పన్నెండు దాటడం లేదు. పొయ్యి పసుపుగా మండుతోందన్నమాట.

మా వీధి చివర చిన్న షెడ్డులో పనిచేసే మెకానిక్ భాయ్‌కి ఇదంతా చెప్పాను. ఆయన నవ్వి, "ముందు చవకవి చూద్దాం అక్కా" అన్నాడు. ఎయిర్ ఫిల్టర్ తీస్తే పాత పెనంలా ఉంది. స్పార్క్ ప్లగ్గుల కొసలు మసిబారి ఉన్నాయి. రెండూ మార్చి మళ్లీ పరీక్ష చేయిస్తే 1.3 వచ్చింది. తగ్గింది కానీ చాలదు.

అప్పుడు నాకొకటి తట్టింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా వెళ్లొచ్చినా ఇంజను వేడి చూపించే ముల్లు అడుగునే ఉంటోంది. పైకి ఎక్కడం లేదు కదా, మంచిదేగా అనుకుంటూ వచ్చా ఇన్నాళ్లూ. అది చెప్పగానే భాయ్ రేడియేటర్ పైపు పట్టుకుని చూశాడు, ఏదో విప్పాడు. "అక్కా, ఇందులో థర్మోస్టాట్ వాల్వే లేదు. ఎవరో తీసేశారు."

ఇంజను తగినంత వేడెక్కేదాకా ఆ వాల్వు నీళ్లని రేడియేటర్‌కి వెళ్లనివ్వదు. అది లేకపోతే నీళ్లు మొదటి నుంచీ తిరుగుతూ ఇంజనుని చల్లబరుస్తూనే ఉంటాయి. కారులోని కంప్యూటరేమో ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఇది సరిచేయకుండా కొత్త కన్వర్టర్ వేయించి ఉంటే, కొన్నాళ్లకి అదీ పాడయ్యేది.

"నేనే తీయించాను" అన్నారు పక్కన స్టూలు మీద కూచున్న నాన్న.

2015 మే నెల. చిన్నదాని కాన్పుకి నొప్పులొస్తుంటే నాన్నే నన్ను ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు. ఎల్బీ నగర్ ట్రాఫిక్‌లో కారు ఉడికిపోయి బుస్సుమని ఆవిర్లొచ్చాయి. ఆటోలో వెళ్లాం. నేనా సంగతే మర్చిపోయాను. నాన్న మర్చిపోలేదు. మర్నాడు మనవరాలిని చూసి, అట్నుంచటే మెకానిక్ దగ్గరికి వెళ్లారట. చెడిపోయిన ఫ్యాను మార్పించి, "ఈ కారు ఇంకెప్పుడూ వేడెక్కకూడదు, ఏం చేస్తావో చెయ్" అన్నారట. వాడు వాల్వు పీకేశాడు.

"నీకు ఏమైపోతుందో అని ఆ రోజు..." అని ఆగిపోయారు. భాయ్ తల వంచుకుని బోల్టులు తుడుస్తున్నాడు. నాకూ ఏం మాట్లాడాలో తెలియలేదు.

కొత్త వాల్వు వందల్లోనే అయిపోయింది. ఇరవై నిమిషాలు నడిపి, ఇంజను వేడిగా ఉండగానే పరీక్షకి తీసుకెళ్లాం. సీవో 0.3. సర్టిఫికెట్ చేతికొచ్చింది. మావారు కూడా "సరే, ఇంకో అయిదేళ్లు" అన్నారు.

మీ ఇంట్లోనూ పాత కారుంటే ఒక్క మాట. పరీక్ష తప్పితే చీటీ అడిగి తీసుకోండి, ఏ అంకె ఎక్కువుందో చూడండి. చవకగా అయ్యేవి ముందు చూపించి, ఖరీదైన మార్పులు చివరికి ఉంచండి. బండి గురించి మీరు గమనించినవి, ఎంత చిన్నవైనా, మెకానిక్‌కి చెప్పండి. రోజూ నడిపేది మనమే కదా.

ఇంటికొస్తుంటే దారిలో నాన్న డ్యాష్‌బోర్డు కేసి వంగి కళ్లు చికిలించారు. ముల్లు ఆనలేదు.

"మధ్యలోనే ఉందా అమ్మాయ్? పైకి పోవట్లేదుగా?"

"మధ్యలోనే ఉంది నాన్నా."

ఇల్లు చేరేలోగా ఇంకో మూడుసార్లు అడిగారు.